రెండో తుమ్ము

అచ్చియ్యమ్మ తుమ్మిందంటే చోడవరంలో ఆ వీధికి వీధే ఆగిపోవాల్సిందే. పూన్చిన బండి కదిలేది కాదు. పెళ్లిచూపులకని బయల్దేరినవాళ్లు చెప్పులు విడిచి, లోపలికెళ్లి గుక్కెడు నీళ్లు తాగి కూర్చునేవాళ్లు. తుమ్ము తమ్ముడై చెబుతుందంటారు కదా! ఒంటి తుమ్ము కీడు. వెంటనే రెండోది పడితే దోషం లేదు, నిశ్చింతగా పోవచ్చు. అందుకని జనం గుమ్మంలోంచే బతిమాలేవాళ్లు.

"అచ్చియ్యమ్మప్పా, ఇంకోటి తుమ్మీ తల్లీ! బస్సెల్లిపోతాది!"

ఆ ముక్కు ఒకరి మాట వింటేనా!

తుమ్మి తుమ్మి ఆమె ప్రాణం విసిగిపోయింది. తెల్లారి లేచేసరికి కళ్లు వాచి ఉండేవి, ముక్కు దిబ్బడేసేది, గుండెల్లో పిల్లికూతలు. వాము మూటగట్టి వాసన చూసింది. పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చింది. బెల్లం వండే పొగ పడలేదని ఎవరో అంటే పొలం వైపు పోవడమే మానేసింది. ఏం లాభం? కడివెడు నీళ్లు మోస్తే నూతి దగ్గరే కూలబడేది.

ఆ ఇంట్లో పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక పిల్లి. మూడేళ్ల కిందట, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, ముసురులో గడ్డివాము కింద దొరికింది. కళ్లు తెరవని కూనకి అచ్చియ్యమ్మ దూదితో పాలు పట్టి బతికించింది. ఇప్పుడది గండుపిల్లై మంచం నడిమధ్య పడుకుంటుంది. పేరు పెదబాబు. ఆమె మొగుడు బంగార్రాజు చెరకు రైతు. "ఆడికి మంచం, నాకు అరుగూనా?" అని గొణుగుతూనే రోజూ చేపముల్లు దానికి వేసేవాడు.

ఒకరోజు ఆయాసం మరీ ఎక్కువైతే బంగార్రాజు ఆమెను బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి కంపౌండరు తోమా అడిగాడు.

"గుండెల్లో ఏటవుతన్నాదమ్మా?"

"మూడేళ్ల నుంచీ పిల్లికూతలు బాబూ."

"ఇంట్లో పిల్లుందా?"

"ఉంది. మంచం మీదే తొంగుంటాది."

తోమా నెత్తి కొట్టుకున్నాడు. "మూడేళ్ల నుంచీ పిల్లికూతలు, పిల్లికూతలు అంటన్నారు గానీ ఆ పిల్లేదో ఒక్కలూ సూసుకోలేదేటమ్మా! దాని బొచ్చు నీకు పడదు. దీన్ని ఎలర్జీ అంటారు. పిల్లిని పంపీండి. లేకపోతే ఏదో రోజు ప్రాణమ్మీదికొస్తాది."

ఆ మాట ఇంటికి చేరేసరికి 'అలజడి' అయింది. "పిల్లి వల్ల అలజడంట" అని అచ్చియ్యమ్మ నిట్టూర్చింది. "అది నాను ఎప్పుడో సెప్పేను" అన్నాడు బంగార్రాజు.

మాడుగులలో అతని మేనత్త ఉంది, ఆమె ఇంటినిండా ఎలుకలున్నాయి. పెదబాబును అక్కడికి పంపాలని తేలింది. బుధవారం పొద్దున్నే దాన్ని బుట్టలో పెట్టి, పైన గోనె కట్టి బంగార్రాజు గుమ్మం దాటబోయాడు. అచ్చియ్యమ్మ తుమ్మింది. ఒక్కటే.

"రెండోది కానీ" అన్నాడు బంగార్రాజు.

"రావట్లేదు మావా."

వస్తోంది. రాకేం! ముక్కు నులుముకుని, ఊపిరి బిగబట్టి, కళ్లంట నీళ్లు కారుతుంటే దాన్ని లోపలే అణిచేసింది. బస్సు వెళ్లిపోయింది. మర్నాడూ అదే తంతు.

బంగార్రాజు వెర్రివాడేం కాదు. పిల్లి ఇంట్లో ఉన్నంతకాలం ఈ శకునం తప్పదని తెలిసి, దాన్ని తీసుకెళ్లి పొలంలో గానుగ పాకలో పెట్టాడు. వారం ఉంచాడు. ఇల్లంతా అలికించాడు.

వారానికి అచ్చియ్యమ్మ ముక్కు తెరుచుకుంది. చారులో ఇంగువ వాసన తెలిసింది. రెండు బిందెలు ఒక్క ఊపున మోసింది. గాలి పీలిస్తే అడ్డం లేకుండా కిందిదాకా దిగుతోంది. ఎంత సుఖం! ఆ సుఖానికే ఆమెకు ఏడుపొచ్చింది. మంచం మీద చెయ్యి చాపితే ఏమీ తగలడం లేదు.

మళ్లీ బుధవారం. బుట్ట వీధిలో ఉంది, లోపలినుంచి పెదబాబు గోనె గీరుతున్నాడు. బంగార్రాజు కండువా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె తుమ్మలేదు. అతను చెప్పులు తొడిగాడు, విడిచాడు, మళ్లీ తొడిగాడు.

"ఏటే, తుమ్మవా?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"రావట్లేదు." ఈసారి అది నిజం.

"ఊపిరి బాగా ఆడతన్నాదా?"

"ఆడతన్నాది."

"మరైతే ఎల్తన్నాను" అన్నాడు గానీ కదల్లేదు.

అచ్చియ్యమ్మ లోపలికెళ్లింది. పెదబాబు పడుకునే పాత దుప్పటి ఉతికేశానని మొగుడికి చెప్పింది గానీ ఉతకలేదు, బియ్యం డబ్బా వెనక దాచింది. దాన్ని తీసి మొహానికి అదుముకుంది. మూడేళ్లు పెంచింది గానీ వాడి వాసన ఎలా ఉంటుందో ఆమెకు ఇవాళే తెలిసింది. ఎండిన గడ్డి వాసన, కాసింత పాల వాసన. గుండెల నిండా పీల్చింది.

తుమ్ము గుమ్మం దాకా వినబడింది. ఒక్కటే.

"శకునం బాలేదు" అన్నాడు బంగార్రాజు నీరసంగా. చెప్పులు విడిచి, బుట్ట తాడు విప్పాడు. పెదబాబు అతనికి అడ్డంగా పరుగెత్తి లోపలికి పోయాడు. అప్పుడొచ్చింది రెండో తుమ్ము, దాని వెనక మూడోది, ఆ వెనక పిల్లికూతలు. బంగార్రాజు వాటిని లెక్కపెట్టలేదు. అరుగు మీద తన చాప పరుచుకున్నాడు.