గంప కింది చుక్కలు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. పరీక్షించి చూడలేనిదాన్ని ఒప్పుకోకూడదని కాలేజీలో నేర్చుకున్నాను. అందుకే జరిగింది జరిగినట్లే రాస్తున్నాను.

తొంభైలలో బెంగళూరులో ఒక ప్రయోగశాలలో పరిశోధన చేసేవాణ్ణి. ఇన్సులిన్ హార్మోను తెచ్చిన సందేశాన్ని కణం లోపలికి అందించే ఒక ప్రోటీన్ ఆకృతిని కనుక్కోవడం మా పని. ముందు ఆ ప్రోటీన్‌ను స్ఫటికంగా పెంచాలి. స్ఫటికం గుండా ఎక్స్-రే పంపితే ఫిల్ము మీద చుక్కలు పడతాయి. ఆకృతిని లెక్కగట్టేది ఆ చుక్కల నుంచే. నా స్ఫటికం ఎంతకీ పెరగలేదు.

ఆ పని ఎంచుకున్నది మా చెల్లెలు సుజాత కోసం. చిన్ననాడే దానికి చక్కెర జబ్బు వచ్చింది. మా ఊరు నాగలమడికలో, ఇంట్లో ఇన్సులిన్ సీసా చల్లగా ఉండాలని తడి ఇసుకలో పాతిన కుండలో ఉంచేవాళ్లం. వానల్లేక వేరుశనగ నిలువునా ఎండిన ఏడు కూడా అమ్మ ఆ ఇసుకను ఆరనివ్వలేదు.

సెలవులకు వెళ్తే సుజాత ఆట పట్టించేది.

"ఏందన్నా, ఇంకా ఉప్పు గడ్డ కట్టలేదా? మా చేతికియ్యి, ఎండలో పెట్టి తీస్తాము."

"ఫిల్ము రానీ మే, అందరికంటే ముందు నీకే చూపిస్తా."

"బొమ్మ బాగలేకుంటే మళ్లీ దింపిస్తా చూడు."

ఆ ఎండాకాలమే సుజాత పోయింది. నేను ఊరు చేరేసరికి అంతా అయిపోయింది.

మా వైపు, మనిషి ప్రాణం విడిచిన చోట బియ్యప్పిండి జల్లి, గంప బోర్లిస్తారు. తెల్లవారి గంప తీసి, పోయినవాళ్లు ఏ గుర్తు విడిచారో చూస్తారు. నేను నమ్మలేదు. వద్దనీ అనలేదు.

గంప తీశారు. పిండి నడుమ గుండ్రటి గుర్తు, దాని నుంచి అంచు దాకా కాడలాంటి గీత. చుట్టూ వంపు తిరిగిన వరుసల్లో సన్నటి గుంటలు.

"గరిటె చూడప్పా!" అని మా మేనత్త ఘొల్లుమంది. "పాయసం అడిగి అడిగి పోయినాది బిడ్డ."

అమ్మ కుప్పకూలిపోయింది. జబ్బుకు భయపడి తీపి దాచిపెట్టింది తనే.

ఆ వేళ నాకూ అది గరిటెలాగే కనిపించింది. చీమలేమోనని వెతికాను, ఒక్కటీ లేదు. గంపకు పేడ దట్టంగా అలికి ఉంది, ఎక్కడా సందు లేదు.

వానాకాలంలో నా స్ఫటికం పెరిగింది. ఫిల్మును కడిగి వెలుతురుకు పట్టుకున్నాను. నడుమ గుండ్రటి నీడ, అంచు దాకా కాడ. కిరణం నేరుగా తగలకుండా అడ్డుపెట్టే సీసపు బిళ్లదీ, దాన్ని పట్టి ఉంచే కడ్డీదీ నీడ అది. ఏ ఫిల్ములోనైనా ఉండేదే. చుట్టూ వంపు వరుసల్లో చుక్కలు. దుఃఖంలో ఉన్నవాడి కళ్లను నమ్మకూడదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

చెల్లెలికిచ్చిన మాట కోసం ఫిల్ము నకలు ఇంటికి తీసుకెళ్లాను. ఏమీ చెప్పకుండా, కిటికీ దగ్గర కూర్చున్న అమ్మ చేతికిచ్చాను. అటువంటిది అమ్మ ఎన్నడూ చూసి ఎరగదు. చాలాసేపు చూసింది. ఒక వరుసలో చుక్క పడని చోట వేలు పెట్టింది.

"పిండిలోనూ ఈడ లేకుండె" అంది.

నా ముఖంలోకి చూసి అడిగింది: "అయితే అది గరిటె కాదా నాయనా? నా బిడ్డ పాయసం అడగలేదా?"

"కాదమ్మా" అన్నాను.

మరి ఏమిటో ఈనాటికీ నేను చెప్పలేను.