దిబ్బ మీది దొర

బావ పడవ రేవుకి చేరాల్సిన రోజు దాటి రెండు రోజులైంది. తుఫాను హెచ్చరిక వచ్చింది, ఫోను కలవడం లేదు. విజయవాడ కాలేజీలో చెబుతున్న చరిత్ర పాఠం సగంలో ఆపేసి బందరు బస్సెక్కాను. ఇంట్లో మా మేనత్త లేదు. బావ ఆమెకి ఒక్కడే కొడుకు. ఆమె ఎక్కడుంటుందో నాకు తెలుసు.

ఊరి చివర, ఒకప్పుడు తెల్లవాళ్ళ పటాలం విడిది చేసిన దిబ్బ మీద, సమాధి ఒకటుంది. సిపాయిల ఇళ్ళ వరసలు, పరేడు మైదానం ఏవీ ఇప్పుడు లేవు. 1864 నాటి పెద్ద ఉప్పెన తర్వాత పటాలం ఊరొదిలి పోతే ఆ రాయి మా పల్లెకి మిగిలింది. అందులో ఉన్నది పెద్ద మిలటరీ దొర అనీ, చేపల వేటకెళ్ళిన పడవలకి కాపలా కాస్తాడనీ మా వాళ్ళ నమ్మకం. మగవాళ్ళు సముద్రం మీదికి వెళ్ళగానే ఆడవాళ్ళు ఆ రాయి మీద చుట్ట వెలిగించి పెడతారు, గ్లాసుడు సారా పోస్తారు. చూస్తే నాకు ఒళ్ళు మండేది. మా తాతల చేత బరువులు మోయించినవాడికి ఈ మర్యాదలేమిటని అందరితోనూ పోట్లాడేదాన్ని.

అత్త అక్కడే ఉంది. గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతున్నాయి. ఎలాగో చుట్ట అంటించి రాయి మీద పెట్టింది.

"దొరగోరు పలకట్లేదే. పేరెట్టి పిలిత్తే పలుకుతాడేమో. రాయి మీద ఏముందో సదువు" అంది.

ఇంత చరిత్ర చదివినదాన్ని, ఆ రాయిని ఏనాడూ చదవలేదు. కోపంతో దాని వంకే చూసేదాన్ని కాదు. కొబ్బరి పీచుతో మసీ నాచూ గీకాను. అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మళ్ళీ మొదటినుంచి చదివాను. ఇప్పుడు నిజం చెప్పడమంటే గుడ్డివాడి చేతికర్ర లాక్కోవడమే.

"ఏందే, నోరు పడిపోయిందా?"

"కెప్టెన్ అత్తా. చాలా పెద్ద కెప్టెన్."

అత్త నా మొహం చూసింది. "నీకు అబద్ధం సేతగాదు. మీ నాయనకీ సేతకాలేదు. సెప్పు."

"దొర కాదత్తా. దొర కొడుకు. పదకొండు నెలలవాడు. జ్వరం వచ్చి పోయాడు."

 అత్త చుట్ట తీసి ఇసుకలో నలిపేసింది. రాయి మీది సారాని పైటచెంగుతో తుడిచింది.

"పసిగుడ్డుకి సారా పోశామే" అంది. "వాళ్ళమ్మ?" అనడిగింది.

"పటాలంతో వెళ్ళిపోయి ఉంటుంది."

"బిడ్డనొదిలి ఎట్టా కదిలిందో" అని అక్కడే కూలబడింది.

గాలి పెరిగింది. ఇక ఆమెకి మొక్కుకోవడానికి ఎవరూ లేరు. అలా చేసింది నేనే. నా నాలుక కోసుకోవాలనిపించింది.

అప్పుడు ఫోను మోగింది. బావ. ఇంజను చెడిపోతే ఇంకో పడవవాళ్ళు లాక్కొచ్చి నిజాంపట్నం రేవులో దింపారట. అందరూ క్షేమం. ఫోను అత్త చెవికి ఆనించాను.

"సచ్చినోడా, అన్నం తిన్నావా?" అంది. 

"లే అత్తా, వానొచ్చేట్టుంది" అన్నాను. లేవలేదు.

"నువ్వెళ్ళి కాసిన్ని పాలు పట్రా. నా బిడ్డ దొరికాడు. ఆ తల్లి బిడ్డ ఈడనే ఉన్నాడుగా."

ఈసారి నాకు ఒళ్ళు మండలేదు. పాల కోసం పరిగెత్తాను.