దండగరావూ, మేనేజరనే గాడిదా

దండగరావుకి ఉన్న జబ్బు ఒకటే: ఏదైనా దండగ అని తేల్చాలంటే ముందు దాన్ని ఆసాంతం అనుభవించాలి. కేకు దండగ అనడానికి కేకంతా తినాలి. సినిమా దండగ అనడానికి రెండుసార్లు చూడాలి. మొదటిసారి పొరపాటు పడ్డానేమోనని రెండోసారి. పరుపుల కొట్లో మధ్యాహ్నమంతా గురకపెట్టి నిద్రపోయి, కొట్టు యజమాని తట్టిలేపితే, "దండగండీ, నడుము దగ్గర పట్టు లేదు" అని చెప్పి వచ్చిన ఘనుడు.

ఆయన ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. ఈ జబ్బు అక్కడే అంటుకుందని భార్య అభిప్రాయం. సొంత అపార్ట్‌మెంటు లిఫ్టునే పదేపదే ఎక్కి దిగి, చివరికి దానికి తాళం వేయించాడు. మెట్లెక్కేవాళ్లంతా అంతస్తుకోసారి ఆయన్ని తలుచుకుంటారు. అయినా ఏం కొనాలన్నా ఆయన్నే అడుగుతారు. వాడి చూడకుండా ఆయన ఏనాడూ నోరు విప్పలేదు మరి. ఆ పేరంటే ఆయనకి ప్రాణం.

మోకాలి ఆపరేషనయ్యాక అత్తగారు వాళ్లింటికొచ్చింది. నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు హెచ్చరించాడు. ఆవిడ కుర్చీ వదిలితే ఒట్టు. "నడిచి ఎక్కడికెళ్లాలే ఇప్పుడు?" అనేది కూతురితో.

అప్పుడు దండగరావు తను ఆడే వీడియో గేమ్ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. అందులో మనం ఊరూరా తిరిగి మందులమ్మే వర్తకుడి వేషం కట్టాలి. దారిలో దొంగల్ని కొట్టాలి, ఊళ్లో రోగుల్ని బతికించాలి. వెంట మూటలు మోసే ముసలి గాడిద ఉంటుంది. ఎంత అదిలించినా తనకి బుద్ధి పుట్టినప్పుడే కదులుతుంది కాబట్టి దానికి ఆయన మేనేజరని పేరు పెట్టుకున్నాడు.

అత్తగారికి దొంగలు నచ్చలేదు, మేనేజరు నచ్చాడు. "కుంటుతున్నాడు పాపం, నాలాగే" అంది. వాడు నడిచినంతసేపూ తనూ నడుస్తానంది. ఒక చేత్తో రిమోటు, రెండో చెయ్యి అల్లుడి భుజం మీద, హాలంతా ఊరేగింపే.

ఈలోగా ఆ గేముకి ఎక్స్‌పాన్షన్ వచ్చింది. కొత్త కొండలూ కొత్త ఊళ్లూ ఉన్న అదనపు భాగమన్నమాట, విడిగా కొనుక్కోవాలి.

"కొందామా బాబూ?" అంది అత్తగారు.

"తొందరపడకండి అత్తయ్యగారూ. ముందు నేను చూస్తాను."

ఆదివారం దాన్ని కొని, టీవీతో సహా పడగ్గదిలో తలుపేసుకుని కూర్చున్న మనిషి సాయంత్రానికి మొహం కడుక్కుని బయటికొచ్చాడు.

"దండగ" అన్నాడు.

"ఏం, బాలేదా?" అంది భార్య.

"దండగన్నానుగా."

ఆవిడ నివ్వెరపోయింది. కేకు గురించైతే క్రీము మొదలుకుని అట్టపెట్టె దాకా గంటసేపు ఉపన్యాసమిచ్చే మనిషి, కారణం చెప్పకుండా భోజనానికి కూర్చున్నాడు.

మర్నాడు మెట్ల మీద కింది వాటా దర్జీ పట్టుకున్నాడు. "ఆ కొత్త భాగం దండగన్నారట? నేను కుట్టుమిషను మానేసి మరీ ఆడుతున్నాను. అసలు మీరు ఆడారా సార్?"

దండగరావు తన గుమ్మం వైపు ఓసారి చూసుకున్నాడు. "లేదయ్యా. పేరు చూసి చెప్పేశాను."

వెనకే కూరగాయల సంచితో వస్తున్న భార్య ఆ మాట విని అక్కడే ఆగిపోయింది. సాయంత్రానికి అపార్ట్‌మెంటంతా ఇదే కబురు. పై అంతస్తు టీచరమ్మ ఫ్రిజ్ కొనేముందు దర్జీని సలహా అడిగింది. ఆ ఫ్రిజ్‌ని నలుగురు మోసుకుంటూ మెట్లెక్కిస్తుంటే దండగరావు గుమ్మంలో నిలబడి చూశాడు; దాని గురించి ఆయన్ని ఒక్కరూ ఒక్క ముక్క అడగలేదు.

ఆయన ఆఫీసుకెళ్లాక భార్య ఉండబట్టలేక టీవీ పెట్టి ఆ అదనపు భాగం తెరిచింది. మొదట్లోనే ఒక మంచు కనుమ. అక్కడ మేనేజరు మోకాళ్ల మీద కూలాడు, ఇక లేవలేదు. భర్త ఆపి దాచుకున్న ఆటలన్నీ ఆ కనుమ దగ్గరే ఉన్నాయి. ఒకదాంట్లో మూటలన్నీ దింపేశాడు, ఇంకోదాంట్లో ఉన్న మందులన్నీ తాగించాడు, మరోదాంట్లో చుట్టుదారి పట్టాడు. అన్నిట్లోనూ మేనేజరు అక్కడే పోయాడు. అది దాటి ఆయన ఒక్క అడుగూ వెయ్యలేదు. జీవితంలో మొదటిసారి సగంలో వదిలేసి తీర్పు చెప్పాడు. ఆ పిచ్చి మనిషి మీద ఆవిడకి ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది.

ఇది అమ్మ కంట పడకూడదని గబగబా టీవీ ఆపబోతూ చూస్తే అమ్మ కుర్చీలో లేదు. గుమ్మంలోకొచ్చి చూస్తే, రెయిలింగు పట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వస్తోంది.

"ఎక్కడికెళ్లావమ్మా?"

"దర్జీ వాళ్లింటికి. అతను అంత మెచ్చుకుంటుంటే మనసాగలేదే. రోజూ నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు దిగి వెళ్తున్నా." టీవీ వైపు చూసి గొంతు తగ్గించింది. "నీకూ తెలిసిందన్నమాట. నేనూ ఏడిచాలే. కానీ కొండ దిగాక ఒక గాడిదపిల్ల దొరుకుతుంది, ఒక్కచోట నిలబడి చావదు. దాని వెనక తిరగలేక నా ప్రాణం పోతోంది."

"మరి ఆయనకి చెప్పొద్దూ?"

"ఇప్పుడే వద్దు. నాకు తెలిసిపోయిందంటే బాధపడతారు. మెల్లగా నేనే చెప్తాను."

ఆ సాయంత్రం పాత ఆటలో మేనేజరు కదిలాడు. దండగరావు భుజం అందించాడు. పొద్దున మెట్లన్నీ ఎక్కొచ్చిన మనిషి, ఆ భుజం గట్టిగా పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ హాలు దాటింది.

ఆయన మంచినీళ్లకి లోపలికెళ్లగానే కూతురు గుసగుసగా అడిగింది. "పట్టుకోకుండా నడవగలవు కదమ్మా?"

"నేను నడవగలనే" అంది తల్లి. "మీ ఆయనే ఇంకా తేరుకోలేదు."