కమ్యూనిటీ హాలులో బుధవారం

2007 జనవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ నుంచి డిప్యుటేషన్ మీద నన్ను ఘాజియాబాద్ పంపారు. జిల్లా ఆరోగ్య ప్రణాళిక తయారీలో సాయపడటం నా పని. టీకాలకు, గర్భిణుల పరీక్షలకు ఏ బస్తీకి నర్సు ఏ రోజు వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి, చోటు ఎవరిస్తారు అన్నవి స్థానికులతో మాట్లాడి ఖాయం చేయాలి. చోటు దొరకని బస్తీని పొరుగు బస్తీతో కలిపేసేవాళ్లం. కాగితం మీద లోటు కనబడేది కాదు.

అలా కలిసిపోబోయిన వాటిలో ఒక ఫ్లాట్ల కాలనీని ఆనుకున్న బస్తీ ఉంది. అక్కడి ఆడవాళ్లు ఆ ఫ్లాట్లలోనే వంట, అంట్ల పని చేసేవారు. వారిలో సునీతకు ఏడో నెల. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. రైలు పట్టాల అవతలి ఆసుపత్రికి వెళ్తే పూట పని పోతుందని ఈసారి ఒక్క పరీక్షా చేయించుకోలేదు. నర్సే బస్తీ దాకా వస్తే తప్ప ఆమెను చూసేవారు లేరు.

కాలనీలో కమ్యూనిటీ హాలు ఉంది. ఆదివారం అక్కడే సమావేశం పెట్టించి, బస్తీ ఆడవాళ్లనూ పిలిపించాను. కాలనీ సంఘం కార్యదర్శి శాస్త్రి గారిది కాకినాడ. నా తెలుగు విని కాఫీ ఇప్పించారు కానీ హాలు ఇవ్వనన్నారు.

“మనవాళ్లు కాబట్టి చెబుతున్నా డాక్టరు గారూ. ఇవాళ సూదులంటారు, రేపు మంచాలు వేస్తారు. మా పిల్లల బర్త్‌డేలు మెట్ల మీద చేసుకోమంటారా?”

నేను వాదించకుండా అందరికీ హిందీలో పద్ధతి వివరించాను. టీకాలు మంచు పెట్టెలో వస్తాయి, మిగిలినవి సాయంత్రంలోగా ఆసుపత్రికి చేరాలి. అందుకే నర్సు బుధవారాలు పొద్దుటి పూట కూర్చుంటుంది. హాలు లేకపోతే బస్తీవాళ్లంతా ఆ పూట పట్టాల అవతల పొరుగు బస్తీ స్కూలుకు వెళ్లాలి.

శాస్త్రి గారి భార్య రాజ్యలక్ష్మి గారు లేచి హిందీలోనే అడిగారు. “ఏమండీ, పొద్దున్నే వీళ్లంతా పట్టాలు దాటిపోతే నాలుగు బ్లాకుల అంట్లు ఎవరు తోముతారు? మీరా?”

హాలంతా నవ్వు. ఆ తరవాత ఎవరూ హాలు ఇవ్వాలా వద్దా అనలేదు. ఎన్నింటికి అన్నదే చర్చ. సునీత అంది: “రెండింటికి ఇక్కడే పెట్టండి సాబ్. అప్పటికి పొద్దుటి పని అయిపోతుంది. నాలుగింటికి మళ్లీ గిన్నెలు. ఆంటీలకూ ఇబ్బంది ఉండదు.”

అప్పుడు మొదలుపెడితే నర్సు బస్సులో వెళ్లి పెట్టెను వేళకు చేర్చలేదని చెప్పాను.

“అచ్ఛా, అది నాకొదిలేయండి,” అన్నారు శాస్త్రి గారు. “మా ఎలక్ట్రీషియన్ స్కూటరు మీద దింపుతాడు. మంచాలు వేస్తే మాత్రం ఊరుకోను.”

ఆయన మనసు మారకముందే తీర్మానం రాయించి సంతకం తీసుకున్నాను.

రెండో బుధవారం నర్సు సునీతకు రక్తపోటు ఎక్కువగా ఉందని గుర్తించి పెద్దాసుపత్రికి పంపింది. రాజ్యలక్ష్మి గారు సణుక్కుంటూనే ఆటోలో వెంట వెళ్లారు. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

సేవాభావం ఉన్నవారి కోసమే వెతుకుతూ కూర్చుంటే ఏ ప్రణాళికా పూర్తి కాదు. తరవాత పనిచేసిన జిల్లాల్లో సమావేశం మొదట్లోనే, ఈ పని జరగకపోతే మీకేం ఇబ్బంది అని ప్రతివారినీ అడిగించాను. ఇబ్బంది ఏమిటో చెప్పగలిగినవారే చివరిదాకా మాతో ఉన్నారు.