హవల్దార్ మావ సావధాన్‌లో పడుకున్న రోజు

మెడలో స్టెతస్కోపు వేసుకుంటే చాలు, ఎదుటివాడి గుండె మన మాట వింటుందని నమ్మిన రోజులవి. ఎంబీబీఎస్ అయ్యాక జనరల్ మెడిసిన్‌లో పీజీ సీటు నాకు ఒక మిలిటరీ ఆసుపత్రిలో వచ్చింది. ఆ కబురు తెలియగానే రామతీర్థం పక్కన మా ఊళ్ళో మా నాన్న వీధి వీధంతా తిరిగి "మా పాప మిలట్రీలో సేరిపోనాది" అని చెప్పేశాడు. నేను సైన్యంలో చేరలేదు, అక్కడ చదువుకునే మామూలు మనిషినే అని ఎంత మొత్తుకున్నా వినలేదు. దాంతో నేను సెలవుకి వెళ్ళినప్పుడల్లా మా పెదనాన్న "తుపాకీ ఇచ్చీసినారేటే?" అని అడిగేవాడు. లేదంటే "ఇంకా నీ మీద నమ్మకం కుదిరినట్టు నేదు" అని తలాడించి, పొలానికి నీళ్ళు కట్టడానికి వెళ్ళిపోయేవాడు. (నా దగ్గరున్న ఆయుధమల్లా మోకాలి మీద కొట్టి చూసే రబ్బరు సుత్తి. అదీ రెండుసార్లు పోగొట్టుకున్నాను.)

ఆసుపత్రి పేరెందుకు గానీ, విజయనగరంలో బస్సెక్కి ఓ కునుకు తీస్తే వచ్చేసేది. మిగతా ఆసుపత్రుల్లో రోగులు మూలుగుతారు. అక్కడ మూలగడానికి కూడా ఒక వేళ ఉన్నట్టుండేది. పొద్దున్నే అధికారులు రౌండ్స్‌కి వస్తున్నారనగానే సిస్టర్ "వార్డ్, సావధాన్!" అనేది. లేవగలిగినవాళ్ళు మంచం పక్కన నిటారుగా నిలబడేవారు. లేవలేనివాళ్ళు పడుకునే సావధాన్‌లోకి వెళ్ళిపోయేవారు: మడమలు కలిపి, చేతులు పక్కలకి ఆనించి, చూపు పైకప్పు మీద నిలిపి. మళ్ళీ "విశ్రామ్" అని వినబడ్డాకే ఒళ్ళు వదిలేవారు. "తకలీఫ్ ఏమైనా ఉందా?" అని పెద్దాయన అడిగితే, అరగంట క్రితం నా చెయ్యి పట్టుకుని కడుపునొప్పని కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి కూడా "లేదు సాబ్" అనేవాడు. నొప్పి అని చెప్పుకుంటే డ్యూటీ ఎగ్గొట్టడానికి వేషాలేస్తున్నాడంటారేమోనని పాతికేళ్ళు భయపడిన ఒళ్ళు, పెన్షన్ వచ్చినంత మాత్రాన మారుతుందా? ఈ సంగతి అందరికంటే ఆలస్యంగా అర్థమైంది నాకే.

మా విభాగానికి పెద్ద ఒక కల్నల్. మనం ఏం చెప్పినా ఆయన అడిగేది ఒకటే మాట, "ఔర్?" అంటే, ఇంకా? తప్పు చెప్పినా "ఔర్?", ఒప్పు చెప్పినా "ఔర్?" అందుకని చాటుగా ఆయన్ని ఔర్ సాబ్ అనుకునేవాళ్ళం. ఆఖరి పరీక్షకి ముందు ఆయన మాకో పరీక్ష పెట్టేవాడు. బయటి నుంచి ఒక బ్రిగేడియర్ వస్తాడు. ఆయన ముందు మన వార్డులోని ఒక రోగి కథంతా చెప్పి, జబ్బేమిటో తేల్చి, అడిగినవాటికి జవాబులివ్వాలి. బాగుందనుకుంటే కల్నల్ ఫారం మీద సంతకం పెడతాడు. సంతకం లేకపోతే ఆరు నెలలు ఆగాలి. నేను అప్పటికే ఒకసారి తప్పాను. దగ్గు లేదని నేను చెబుతుంటే, నా రోగి పక్కనుంచి "రెండు నెలల నుంచి ఉంది సాబ్" అన్నాడు. పైగా ఆయన దుప్పటి నలిగి ఉంది, దిండ్లు ఒకదాని మీద ఒకటి గుట్టగా ఉన్నాయి. బ్రిగేడియర్ ముందు దిండ్లు చూశాడు, తరవాత నన్ను చూశాడు. రెండోసారి తప్పితే మా నాన్న మొహం ఎలా చూడాలో నాకు తెలియలేదు. ఆయన అప్పటికే కొండెక్కి రాముడికి దణ్ణం పెట్టుకుని, దిగుతూ ఎదురైన ప్రతివాడికీ మా పాప పెద్ద డాక్టరైపోయిందని చెప్పేసి ఉన్నాడు.

ఈసారి నా రోగి, వార్డులో అందరం హవల్దార్ మావ అని పిలిచే ఆయన. భావనపాడులో సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టి, మీసాలు రాకముందే సైన్యంలో చేరి, హవల్దారుగా దిగిపోయిన మనిషి. గుండెలో ఒక కవాటం సన్నబడిపోవడంతో ఊపిరితిత్తుల్లోకి నీరు దిగి ఆయాసపడేవాడు. ఉప్పు తగ్గించి, రోజూ పొద్దున్నే ఆ నీరంతా మూత్రంలో పోవడానికి ఒక మాత్ర వేసి, మంచం తలవైపు ఎత్తి కూర్చోబెడితే హాయిగా ఉండేవాడు. ఆ గుండె చప్పుడు మాత్రం పరీక్షల కోసమే పుట్టినంత స్పష్టంగా వినిపించేది. ఆడపిల్లనని చూడకుండా నన్ను కూడా "సాబ్" అనే పిలిచేవాడు. తెలుగులో మాట్లాడినా చివర సాబ్ తగలకపోతే ఆయనకి వాక్యం పూర్తయినట్టుండేది కాదు.

వారం రోజులు ఆయన చేత రిహార్సల్ చేయించాను.

"మావా, ఆయాసం ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళ నుంచి సాబ్. మెట్లెక్కితే వస్తాది, పడుకుంటే ఎక్కువవుతాది, కూసుంటే తగ్గుతాది. మైట్రల్ స్టెనోసిస్ సాబ్!"

"జబ్బు పేరు నువ్వు చెప్పకూడదు మావా. అది నేను చెప్పాలి."

"మరి మీరు మర్సిపోతేనో?"

మరిచిపోనని ఒట్టేశాక గానీ వదల్లేదు. అప్పుడు నేను చాలా తెలివైనదాన్ననుకుని మూడు ఆజ్ఞలు జారీ చేశాను. అడిగినదానికే జవాబు చెప్పాలి. నేను నేర్పినవి తప్ప కొత్తవేవీ చెప్పకూడదు. కేసు అయ్యేదాకా కదలకూడదు. "హుకుం సాబ్" అన్నాడాయన. తుపాకీ ఇవ్వకపోయినా, నాకూ ఒక సైనికుడు దొరికాడని తెగ మురిసిపోయాను.

పరీక్ష రోజు పొద్దున్నే వార్డుకెళ్ళి ఆయన ఊపిరి లెక్కపెట్టి, నిమిషానికి పద్దెనిమిది అని రాసుకున్నాను. దుప్పటి ముడతలు నా చేత్తో లాగి సరిచేశాను. తరవాత, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేసే పని ఒకటి చేశాను. పాత దిండ్ల గుట్ట గుర్తొచ్చి, మంచం తలవైపు దించేసి, రెండు దిండ్లు తీసేసి ఒక్కటే ఉంచాను. రౌండ్స్ వేళ మంచానికి ఒక్కటే దిండు అన్న నియమం గుండె జబ్బువాళ్ళకి లేదని సిస్టర్ గొణిగింది. "పావుగంట పని సిస్టర్" అన్నాను. మావ ఒక్కసారి నా మొహంలోకి చూసి, వెల్లకిలా పడుకుని మడమలు కలిపాడు.

పావుగంటలో రావాల్సిన బ్రిగేడియర్ ముప్పావుగంటకి వచ్చాడు. అంతసేపూ నేను మంచం పక్కన ఫైలు పట్టుకుని కాగితం మీద కళ్ళు పెట్టి పెదాలు కదుపుతూ నిలబడ్డాను. మావ ఎలా ఉన్నాడని ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. అధికారులు లోపలికి రాగానే కథ మొదలుపెట్టాను. బాగానే సాగింది. మధ్యలో బ్రిగేడియర్ మంచం వైపు వంగి "తకలీఫ్?" అన్నాడు. "నహీ సాబ్!" అని మావ ఠక్కున జవాబిచ్చాడు. ఆ "సాబ్" సగంలో తెగినట్టు నాకు వినిపించింది. వినిపించినా కాగితం తిప్పాను. "ఊపిరి నిమిషానికి పద్దెనిమిది" అని చదువుతూ, ఎందుకో దుప్పటి వైపు చూశాను. నేను అంత బిగించి సరిచేసిన దుప్పటి ఆయన ఛాతీ మీద ఆగకుండా లేచి పడుతోంది. పద్దెనిమిది కాదు, నలభైకి తక్కువ ఉండదు. పై పెదవి మీద చెమట బొట్లు. గోళ్ళు నీలంగా. మడమలు మాత్రం కలిసే ఉన్నాయి.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ క్షణాన నాకు మొదట వచ్చిన ఆలోచన ఆయన గురించి కాదు. ఇప్పుడు ఆపితే నా కాగితం తప్పని నేనే ఒప్పుకున్నట్టే, రెండు నిమిషాలు ఓర్చుకుంటే కేసు అయిపోతుంది, అనిపించింది. తరవాతి వాక్యం చదివాను కూడా. అప్పుడు ఆయనకి దగ్గొచ్చింది. పెదవి చివర ఎర్రటి నురగ కనబడింది. బ్రిగేడియర్ ముందు అది అమర్యాద అనుకున్నాడో ఏమో, దాన్ని మింగేయబోయాడు. నా చేతిలో ఫైలు కింద పడింది.

"మావా, లే! లేచి కూర్చో!"

లేవలేదు. కళ్ళు మాత్రం తిప్పి బ్రిగేడియర్ వైపు చూశాడు. పెద్దాయన ఎదురుగా ఉండగా చెప్పకుండా కదలడం ఆయన ఒంటికి తెలియదు. నేను భుజం కింద చెయ్యి పెట్టి లాగినా కొయ్యలా బిగుసుకునే ఉన్నాడు. అప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, మా నాన్న దూరంగా ఉన్న ఎడ్లని అదిలించే గొంతు నాలోంచి వచ్చింది. "హవల్దార్! విశ్రామ్!"

వార్డంతా ఉలిక్కిపడింది. ఇద్దరు ముగ్గురు రోగులు అలవాటు కొద్దీ కాళ్ళు ఎడం చేశారు. మావ ఒక్కసారిగా ఒళ్ళు వదిలేసి నా మీదకి వాలిపోయాడు. కాళ్ళు మంచం కిందికి వేలాడేసి కూర్చోబెట్టాం. సిస్టర్ ఆక్సిజన్ మాస్కు తగిలించింది. నేను నరంలోకి నీరు లాగే మందు ఎక్కించాను. కల్నల్ నాడి పట్టుకున్నాడు. బ్రిగేడియర్ తనే పరుగెత్తి నేను తీసేసిన రెండు దిండ్లూ తెచ్చి ఆయన వీపు వెనక పెట్టాడు. ఆ తరవాత చెయ్యడానికేమీ లేదు. మందు పట్టి మూత్రం వస్తే బతుకుతాడు. పది నిమిషాలు గడిచాయి. వీపు మీద స్టెతస్కోపు పెడితే పైదాకా నీటి చప్పుడే. పదిహేను నిమిషాలయ్యాయి. నాకు పరీక్ష గుర్తు లేదు, ఫారం గుర్తు లేదు. ఆయన బతికితే చాలు, డాక్టరీ మానేసి మా నాన్న వెనకాల పొలం వెళ్ళిపోతానని కొండ మీది రాముడికి మొక్కేసుకున్నాను.

అప్పుడు మావ మాస్కు కాస్త పక్కకి జరిపి, బ్రిగేడియర్ వైపు తిరిగి, ఊపిరి కూడదీసుకుని "ఇజాజత్ సాబ్... ఒంటికి ఎల్లాల" అన్నాడు.

బ్రిగేడియర్‌కి తెలుగు రాదు. కల్నల్ ఆయన చెవిలో చెప్పాడు. "ఇజాజత్ హై!" అంటే అనుమతి ఉంది, అని ఆ పెద్దమనిషి కవాతు మైదానంలో అరిచినట్టు అరిచాడు. మంచం చుట్టూ తెర లాగారు. తెరకి ఇవతల ఒక బ్రిగేడియరు, ఒక కల్నలు, నేను చెవులు రిక్కించి నిలబడ్డాం. సంగీతం నాకు అంతగా పట్టదు గానీ, ఆ చప్పుడంత తియ్యగా ఏదీ నా చెవిన పడలేదు. సిస్టర్ కొలత జాడీ పైకెత్తి చూపించింది. దాదాపు నిండింది. (చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. బ్రిగేడియర్ మాత్రం కొట్టాడు.)

మధ్యాహ్నానికి మావ మామూలుగా మాట్లాడుతున్నాడు. నీళ్ళ మాత్ర వేసుకున్నావా అని అడిగితే, చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి చూపించాడు. "అదేసుకుంటే పదేసి నిమిసాలకోపాలి ఎల్లాల కదా సాబ్. పెద్ద సాబ్ వచ్చేసరికి మంచం మీద మనిసి నేకపోతే మీకు మాటొస్తాది." ఈలోగా వాళ్ళావిడ, మాకందరికీ అత్త, క్యారేజీ పట్టుకుని గుమ్మం దగ్గర కన్నీళ్ళు తుడుచుకుంటూ తన నేరం తనే ఒప్పుకుంది. "రెండే రెండు ఉప్పుసేప ముక్కలు నిన్న ఎట్టినాను డాక్టరమ్మా. ఉప్పునేని కూడు తిని పరీచ్చెలగ రాస్తాడనీసి!" పరీక్ష ఆయనదే అనుకుందావిడ.

"అది సరే మావా, ఆయాసం వస్తుంటే నాతో చెప్పాలి కదా?"

ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. "మీరు నేర్పినదాంట్లో అది నేదు కదా సాబ్. కొత్తవేటీ సెప్పొద్దన్నారు."

అక్కడే, ఆయన మంచం మీద తల పెట్టి ఏడ్చేశాను. అత్త తన తప్పు గురించే ఏడుస్తున్నాననుకుని, ఇంకో ఆరు నెలలు ఇంట్లో ఉప్పు డబ్బాయే ఉంచనని నాకు మాటిచ్చింది.

సాయంత్రం కల్నల్ గదిలో నిలబడ్డాను. మంచం దించింది నేనే అని చెప్పాను. "ఔర్?" మాట్లాడొద్దని చెప్పింది నేనే. "ఔర్?" పద్దెనిమిది అని చదువుతున్నప్పుడే నాకు తెలిసింది సర్, అయినా ఇంకో వాక్యం చదివాను. ఆ తరవాత ఆయన ఔర్ అనలేదు. నా ఫారం సొరుగులో పెట్టి తాళం వేశాడు. నెల రోజులు కాగితం లేకుండా రౌండ్స్ చెయ్యాలి, ప్రతి రోగి దగ్గరా ఒక నిమిషం ఊరికే నిలబడి చూడాలి, అదే నా శిక్ష. నెల తరవాత ఏమీ అడక్కుండా సంతకం పెట్టాడు. ఆ కబురు చెప్పడానికి పరుగెత్తుకుంటూ వెళితే, మూడు దిండ్ల మీద మహారాజులా కూర్చున్న హవల్దార్ మావ "పాసైపోనామా సాబ్?" అన్నాడు. అయిపోయాం మావా, అన్నాను.

ఇప్పుడు శ్రీకాకుళంలో నా క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో మాజీ సైనికులు చాలామందే. కుర్చీ అంచున నిటారుగా కూర్చుని, ఏమీ బాధ లేదు మేడం అంటారు. నేను పెన్ను పక్కన పెట్టేసి, ఒక నిమిషం ఊపిరి చూసి, "విశ్రామ్" అంటాను. ముందు నవ్వుతారు. తరవాత వెనక్కి వాలి, అసలు సంగతి చెప్పడం మొదలుపెడతారు. అప్పుడప్పుడు ఆ వార్డు కళ్ళ ముందుకొస్తుంది. మంచం మీద బిగుసుకుని ఆయన, పక్కనే ఫైలు గుండెకి హత్తుకుని అంతకంటే బిగుసుకుపోయి ఒక పిల్ల. ఆయనకైతే "విశ్రామ్" అని ఆ పిల్లే చెప్పింది. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. పేషెంట్లు లేని వేళ నేనే నవ్వుకుంటూ చెబుతుంటాను.