అంబలి తిండి కాదనుకున్నాం

మా ఆయన నులకమంచం అరుగు మీదికి చేరింది ఒక వేసవిలో. లోపల ఉక్కగా ఉందన్నాడు, సరే అనుకున్నాను. వానలు పట్టాయి, జల్లు కొట్టకుండా పట్టా కట్టుకున్నాడు. మంచు కాలం వచ్చింది. దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నాడు గానీ లోపలికి రాలేదు. మళ్ళీ వేసవి వచ్చి పోయింది. ఏ ఉక్కా ఏడాదిన్నర ఉండదని నాకూ తెలుసు. అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం.

ఇంకెవరైనా ఉన్నారేమోనని పొలం నుంచి వచ్చిన చొక్కా తీసి వాసన చూసేదాన్ని. చెమట, నువ్వుచేను, ట్రాక్టరు డీజిలు. అంతకు మించి ఏమీ లేదు. అప్పుడు ఇంకా దిగులు పట్టుకుంది. ఇంకెవరూ లేకపోతే తప్పు నాలోనే ఉందన్నమాట.

మనిషి మాత్రం మారిపోయాడు. చీపురుపల్లి సంతకి పోతే ధాన్యం బస్తా ఒక్కడే భుజాన వేసుకుని ట్రాక్టరెక్కించే మనిషి, గట్టు మీద గడ్డి మోపు దగ్గరే చతికిలబడుతున్నాడు. చేతులు సన్నబడ్డాయి, పొట్ట వచ్చింది. పిల్లలు ఏదైనా అడిగితే “మీయమ్మనడగండి” అనడం తప్ప మాట లేదు. కోపం కూడా లేదు. కోపం ఉన్నా బాగుండేది.

ఆ ఏడు ఊరి అమ్మవారి పండక్కి మా అన్నయ్య వచ్చాడు. విజయనగరంలో ఆటో నడుపుతాడు. మా ఆయనా అతనూ బావా బావా అని పిలుచుకుంటారు. ఒకరినొకరు ఏడిపించుకోకపోతే తిన్నది అరగదు వాళ్ళకి. నేను కోడికూర వడ్డిస్తున్నాను.

“ఏటి బావా, మంచం బయటికొచ్చీసినాది? మా సెల్లి తరిమీసినాదేటి?” అన్నాడు అన్నయ్య.

మా ఆయన తలెత్తలేదు.

“నేకపోతే ఊర్లో కుక్కలకి సెలవిచ్చీసి నిన్ను కాపలా పెట్టినారేటి?”

బంతిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మా ఆయన విస్తట్లోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. ముక్కలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

“నానేటన్నానే ఇప్పుడు?” అన్నాడు అన్నయ్య బిత్తరపోయి.

“ఏటీ అన్లేదు. నువ్వు తిను” అన్నాను.

ఆ తరవాత కొన్నాళ్ళకి వేరుశనగ చేనులో కాయ తీస్తున్నాం, ఆడవాళ్ళం ఆరేడుగురం. మా ఊళ్ళో క్షవరం చేసే అతని భార్య నా పక్క సాలులోనే ఉంది. నోటి తీట మనిషి, మనసులో ఏమీ ఉంచుకోదు.

“ఓలమ్మా, మీ ఆయనకి గెడ్డం ఎదగడం మానీసినాదంట గదే. వారానికి రెండుపాల్లు వచ్చీవోడు, ఇప్పుడు నెలకొకపాలి వచ్చినా కత్తికి పన్లేదంతన్నాడు మా ఇంటాయన.”

“మంచిదేగదే, సబ్బు మిగిల్తాది” అంది ఇంకొకామె. అందరూ నవ్వితే నేనూ నవ్వాను. పీకిన మొక్క మాత్రం నా చేతిలో అలాగే ఉండిపోయింది. రోజూ అన్నం పెట్టే నాకు కనపడనిది కత్తి పట్టుకున్నవాడికి కనపడింది. మగవాడికి గడ్డం ఆగిపోవడమంటే అది మనసుకి సంబంధించింది కాదు, ఒంటికి సంబంధించింది. ఆ మాత్రం నాకూ తట్టింది.

ఇంటికొచ్చి అన్నయ్యకి ఫోన్ చేశాను. చెల్లెలు అన్నతో చెప్పుకునే సంగతి కాదు అది. అయినా చెప్పాను. అటు ఆటో ఇంజను ఆపిన చప్పుడు వినపడింది.

“ఆ రోజు నాను నోరు జారీసినాను గదే” అన్నాడు.

“అదొగ్గీ. ఇప్పుడేటి సెయ్యాల సెప్పు.”

“ఇక్కడ హార్మోన్ల డాక్టరమ్మ ఉన్నాది. థైరాయిడోల్లు, సుగరోల్లు రోజూ నా ఆటోలోనే దిగుతారు. తీసుకొచ్చీ.”

“ఆడ డాక్టరా? మీ బావ నోరిప్పుతాడేటి?”

“నీ నోరున్నాది గదే.”

నీరసానికి మందు రాయిస్తామని చెప్పి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చిన్నపిల్లలాగే ఉంది. నిద్ర, బరువు, మందు అలవాటు అన్నీ అడిగింది. ఆ తరవాత, పొద్దున్న లేచేసరికి మగవాళ్ళకి మామూలుగా ఉండేది ఉంటోందా అని, జ్వరం గురించి అడిగినంత తేలిగ్గా అడిగింది. మా ఆయన ఫ్యాను కేసి చూశాడు.

“భార్యాభర్తలుగా ఎలా ఉంటున్నారు?” అని నన్నడిగింది.

“బయటే తొంగుంతన్నాడమ్మా. ఏడాదిన్నరయినాది.”

“ఒలే!” అన్నాడు మా ఆయన.

డాక్టరమ్మ నవ్వలేదు, రాసుకుంది. రాసుకుంటూనే చెప్పింది. “మగవాళ్ళ ఒంట్లో టెస్టోస్టెరాన్ అని ఒక హార్మోన్ ఉంటుంది. గడ్డం, కండ, సత్తువ, కోరిక, హుషారు, అన్నిటి వెనకా అది ఉంటుంది. అది తగ్గితే మనిషి ఇలా అయిపోవచ్చు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు, థైరాయిడ్ తగ్గినట్టే ఇదీ. అయితే రక్తం చూడకుండా నేను చెప్పలేను. పొద్దున్న పూటే చూడాలి. ఎనిమిదికల్లా పరగడుపున రండి. ఏమీ తినకూడదు.”

మర్నాడు చీకటితోనే లేచి మొదటి బస్సుకి వెళ్ళాం. రక్తం తీసే అమ్మాయి “ఏమైనా తిన్నారా?” అంటే ఇద్దరం ఒక్కసారే “లేదు” అన్నాం.

రెండు రోజులకి కాగితం వచ్చింది. ఉండాల్సిన లెక్క పక్కనే అచ్చేసి ఉంటుంది కదా, మా ఆయనదీ అదీ కలిపి చూసుకున్నాడు. సగానికి సగం కూడా లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నాను మగోడ్ని కానని రాసిచ్చీసినారే” అన్నాడు.

భుజం మీద చెయ్యి వేస్తే తీసేస్తాడేమోనని వెయ్యలేదు. ఆ పని చేసి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది.

కాగితం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోతే, “పరగడుపునే వచ్చారు కదా?” అని మళ్ళీ అడిగింది.

“నోట్లో ఏటీ ఎయ్యనేదమ్మా” అన్నాను గట్టిగా. “అంబలి తాగి వొచ్చీసినాడంతే.”

ఆవిడ కలం కింద పెట్టేసింది. “అంబలి తాగారా?”

“ఒక్క సెంబేనమ్మా” అన్నాడు మా ఆయన.

“చెంబా!”

మా ఇళ్ళల్లో చోడి అంబలి, అదే రాగి అంబలి, తిండి లెక్కలోకి రాదు. తెల్లారకుండానే చెంబెడు తాగి పొలానికి పోతారు. తొమ్మిదింటికి ఎదురుపడి ‘తిన్నావా’ అంటే ‘ఇంకా లేదు’ అంటారు. మా అత్త ఉపవాసం రోజున కూడా తాగేది. అదే చెప్పాను. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. “మా అమ్మమ్మ కూడా మీలాగే అంటుంది. కడుపులో అంబలి పడితే ఈ లెక్క కొంత కిందికి దిగుతుంది. అయినా ఒక్క పరీక్ష చూసి నేను ఎవరికీ మందు మొదలుపెట్టను. వారం ఆగి రండి. ఈసారి మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. బాగా నిద్రపోయి రండి.”

ఆ మాట మా ఆయనకి ప్రాణం పోసింది. ఆటోలో అన్నయ్యతో ఒకటే మాట. “సూసినావా బావా, నాకేటీ నేదు. ఇదంతా అంబలి సేసిన పనేరా.” అన్నయ్య అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆయనకి ఏమీ లేకపోతే మరి ఏడాదిన్నర బయటెందుకు పడుకున్నట్టు? ఆ వారమంతా నేను దీపం పెట్టినప్పుడల్లా దేవుణ్ణి అడగకూడనిది అడిగాను. ఆ లెక్క పెరగకుండా చూడమన్నాను.

రెండోసారి ముందురోజే వెళ్ళి అన్నయ్య ఇంట్లో దిగాం. తెల్లారి ఏడింటికల్లా పరీక్షల గది బయట బల్ల మీద కూర్చున్నాం. అంబలి లేని పొద్దు ఆయన ఎరగడు. కడుపు పట్టుకుని కూర్చున్నాడు.

“ఈపాలి బాగా వస్తాదే. సూస్తండు” అన్నాడు.

“బాగా వస్తే నా గతేటి మావా?” అనేశాను. నా నోట్లోంచి ఎలా వచ్చిందో.

“నీ గతేటే? నువ్వు సంతోసించాల గదా.”

“బాగా వస్తే నీకు జబ్బు నేనట్టే. జబ్బు నేకపోతే నానంటే మొకం మొత్తి బయట తొంగున్నట్టే గదా.”

ఆయన నా వైపు తిరిగాడు. అంత సూటిగా నా ముఖం చూసి ఎన్నాళ్ళయిందో.

“ఏడాదిన్నర నించీ అదే అనుకుంతన్నావేటి?”

“మరేటనుకోమంతావు? నువ్వేటైనా సెప్పినావా?”

“ఏటని సెప్తానే? పక్కన తొంగుని గోడకి తిరిగిపోతే నువ్వేటనుకుంతావోనని బయటికి పోనాను. నువ్వు అడుగుతావేమోనని రోజూ బయమే. నీ మీద కోపం కాదే, ఎర్రిదానా. నాకే నా మీద...”

లోపలి నుంచి ఆయన్ని పిలిచారు. చొక్కా చెయ్యి మడుచుకుంటూ వెళ్ళాడు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే పక్కనున్న ముసలామె “బయపడకమ్మా, సూది నొప్పేటీ ఉండదు” అంది.

లెక్క కాస్త పెరిగింది గానీ తక్కువే. తక్కువే అని డాక్టరమ్మ అన్నప్పుడు మా ఆయన తల దించుకున్నాడు. నా గుండె మీది బండ దిగింది. మొగుడికి జబ్బుందంటే ఊపిరి పీల్చుకున్న దాన్ని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ తరవాత సిగ్గు వేసింది.

ఇంకో రెండు మూడు పరీక్షలు కూడా ఆ రక్తంలోనే చేయించిందట. “హార్మోన్ తయారుచెయ్యమని తలలోంచి ఆజ్ఞ గట్టిగానే వెళుతోంది, కింద తయారయ్యే చోటే దెబ్బతింది. పెద్దయ్యాక గవదబిళ్ళలు ఏమైనా వచ్చాయా?” అని అడిగింది.

“నేదమ్మా” అన్నాడు మా ఆయన.

“ఒచ్చినాయమ్మా” అన్నాను నేను. “మా రెండోది పుట్టిన ఏడు, వరి ఉడుపుల ముందు. బుగ్గలు గుమ్మడికాయలైపోనాయి. ఆ మీదట కింద కూడా వాసిపోయి పది రోజులు నడవనేదు. ఊర్లో అందరికీ తొడ పట్టీసినాదని సెప్పుకున్నాడు.”

“ఒలే, అయ్యన్నీ ఇక్కడెందుకే!”

“నాకు అవే కావాలి,” అంది డాక్టరమ్మ. అప్పటి వాపు వల్లే కావచ్చంది. మూడు వారాలకొకసారి ఇంజెక్షన్ అని రాసింది. రాసేముందు ఇంకా పిల్లలు కావాలా అని అడిగింది. ఈ మందు వేసుకుంటే పిల్లలు పుట్టే అవకాశం తగ్గిపోతుందట. “నాకు ఆపరేసనైపోనాదమ్మా” అన్నాను. మధ్య మధ్య రక్తం చిక్కబడుతుందేమో చూడాలని, వయసు మళ్ళే మగవాళ్ళకి వాచే ప్రోస్టేట్ గ్రంథి కూడా చూడాలని, చెప్పకుండా మానేయకూడదని, షాపులో అడిగి ఎక్కువ పొడిపించుకోకూడదని అన్నీ విడమరిచి చెప్పింది. “ఇరవై ఏళ్ళ వాణ్ణి చెయ్యదు ఇది. మీ వయసు మనిషిని చేస్తుంది” అంది.

మొదటి ఇంజెక్షన్‌కి ఏమీ తెలియలేదు. రెండోదానికీ అంతే. అరుగు మీద మంచం అరుగు మీదే ఉంది. నేనూ అడగలేదు, బల్ల మీద విన్న మాట నాకు అప్పటికి చాలు. మూడోది అయ్యాక ఒకనాడు మధ్యాహ్నం అన్నం దగ్గర గిన్నె తోసేశాడు.

“ఇది సేపల పులుసా, సముద్రమా? ఇంత ఉప్పేటే?”

పిల్లలిద్దరూ బెదిరిపోయారు. నాకు నవ్వు ఆగలేదు. ఎన్నాళ్ళకి మా ఇంట్లో ఒక కేక వినపడింది! “నవ్వుతావేటే, నోరు మండిపోతంటే!” అని ఇంకా అరిచాడు. మజ్జిగ పోశాను. తాగి పొలానికి పోయి, సాయంత్రం దాకా మళ్ళ గట్లు చెక్కి వచ్చాడు.

అందరికీ ఇలాగే అవుతుందని నేను చెప్పను. మా ఆయనకీ అన్నీ తిరిగి రాలేదు. కొన్ని రోజులు దిగులుగానే ఉంటాడు. ఇంజెక్షన్ వేయించుకున్న రోజు పిర్ర నొప్పి అని చిన్నపిల్లాడిలా మూలుగుతాడు. కానీ ఆ మూలుగుడు నా పక్కన కూర్చుని మూలుగుతాడు.

వరి ఉడుపులైపోయిన వారంలో ఒక సాయంత్రం, నేను పొయ్యి దగ్గరుండగా, మంచం అరుగు మీంచి దింపి గుమ్మంలోంచి అడ్డంగా తోస్తున్నాడు. పట్టక కోడు గోడకి గుద్దుకుంటోంది.

“ఏటి మావా అది?”

“దోమలే. ఒళ్ళంతా పీకేస్తన్నాయి.”

“నిన్నటి దాకా నేవేటి దోమలు?”

“ఉన్నాయి” అన్నాడు మంచం వదలకుండానే. “నిన్న సిగ్గు కూడా ఉన్నాది. నవ్వకుండా ఆ కోడు పట్టుకోయే.”

లేచి వెళ్ళి పట్టుకున్నాను.