రెండు పుస్తకాల్లో రాసిన వోల్టేజి

జూలై 14, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. గజపతినగరంలో మా ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య, ఆమె అన్నయ్య (నాకు బావ). బల్ల మీద కంప్యూటరు, టేప్ రికార్డరు, మా మామగారు వీణ పాఠం చెప్పిన క్యాసెట్టు.

ఆయన గొంతు మిగిలింది అందులోనే. టేపు పొడి రాలుతోంది, ఇంకొక్కసారే తిరుగుతుందని విజయనగరంలో రికార్డర్లు బాగుచేసే ఆయన తేల్చేశాడు. టేపు తిరిగే ముప్పావుగంటా కంప్యూటరు ఆగకుండా ఎక్కించుకోవాలి. మాదేమో వారంగా ఉన్నట్టుండి ఆగిపోతోంది.

ప్రాసెసర్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడపడం నాకూ బావకూ రిటైరయ్యాక పట్టిన సరదా. ఆ వేగానికి వోల్టేజి చాలకపోతే కంప్యూటరు ఆగిపోతుంది.

"ఇంకాస్త వోల్టేజి ఎక్కించీ బావా! సబ్‌స్టేషన్లో అన్నేళ్ళు సేసి కరెంటుకి బయపడతావేటి?" అన్నాడు బావ.

"బయం కాదు. ఇదే వోల్టేజి మీద తొమ్మిది రోజులు ఆగనిది ఇప్పుడెందుకు ఆగతన్నాది? అది సెప్పు."

"మామూలు వేగానికి దించీండి. మీ సరదాలు మా నాన్న గొంతు మీదేటి?" అంది నా భార్య.

కారణం తెలియకుండా దించితే మళ్ళీ ఆగదన్న నమ్మకం ఏముంది? ఆ మాటే అన్నాను. ఆమె, నేను చేసిన మార్పులు రాసుకునే పుస్తకాలు రెండూ పక్కపక్కన తెరిచింది. ఎర్ర అట్టది ప్రాసెసర్‌కు, పచ్చ అట్టది మెమరీకి.

"ఐదో తారీకున మెమరీ వేగం పెంచినట్టు ఇందులో ఉన్నాది. ఆరో తారీకున మొదటిసారి ఆగినట్టు అందులో ఉన్నాది. పెంచిందెవరు?"

"నేనే," అన్నాను.

"సూసేవా! వేగం పెంచించేనని వారం నుంచీ నన్ను తిడతన్నావు. దొంగ ఇంట్లోనే ఉన్నాడు!" అని బావ తొడ చరిచాడు.

మెమరీని నడిపే భాగం ప్రాసెసర్‌లోనే ఉంటుంది. మెమరీ వేగం పెంచితే ఆ భాగానికి పని పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. అంతవరకూ సరిపోయిన వోల్టేజి అప్పుడు చాలదు. ఇది నాకు తెలియనిది కాదు. సబ్‌స్టేషన్లో గంటకో వరుస, అన్ని రీడింగులూ ఆ ఒక్క వరుసలోనే రాసేవాణ్ణి. ఇంట్లో ముచ్చటపడి రెండు పుస్తకాలు పెట్టాను. వాటిని కలిపి ఒక్కసారీ చదవలేదు.

మెమరీని పాత వేగానికి దించాను. వోల్టేజి ముట్టుకోలేదు. చీకటి పడేదాకా బరువైన పరీక్షలు నడిపాం. ఒక్కసారీ ఆగలేదు. మర్నాటికి ఇక బెంగ లేదని పడుకున్నాను.

సోమవారం ఉదయం ఆరింటికి క్యాసెట్టు తిప్పాం. బల్ల మీద గోధుమరంగు పొడి రాలుతూనే ఉంది. ఇరవయ్యో నిమిషంలో వీణ ఆగి, మామగారి గొంతు వినిపించింది: "ఒరే పెద్దోడా, తాళం తప్పేవు. మళ్ళీ మొదల్నించి."

డెబ్బై రెండేళ్ళ బావ కుర్చీలో నిటారుగా సర్దుకుని, తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. టేపు అయిపోయేదాకా ఆపలేదు.